సందు చివర

కళ్లద్దాల షాపు, వెనక గది
భోజనాల వేళ

అక్కా,

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎందుకెత్తవో నాకొకరు చెప్పక్కర్లేదు. ఆస్పత్రి నుంచి నీకూ, నీ దగ్గర్నుంచి నాకూ మీ చెల్లెలు పోయిన కబురు దాంట్లోనే వచ్చింది. నాదీ బీరువాలో దుప్పట్ల కింద పడుంది. మోగితే ఎవరో ముక్కు మూసుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. చేతిరాత కోడి కెలికినట్టుందని మళ్లీ మొదలుపెట్టకు.

సంగతేమిటంటే, నేను పరుగులో పేరిచ్చాను. నిజంగానే, కాళ్లతో పరిగెత్తే పరుగు. కాన్సర్ పరీక్షల సామానంతా పెట్టుకుని వీధివీధికీ తిరిగే బండి ఒకటి కొనాలట. దానికి చందాలు పోగు చెయ్యడానికి ఈ పరుగు పెడుతున్నారు. ఇంకా వ్యవధి ఉంది, ఎండలు ముదిరేలోపు అన్నారు. మా షాపు కౌంటరు మీద చందా డబ్బా పెట్టుకుంటానంటే ఓనరు సరేనన్నాడు. "పరిగెత్తేది ఎవరమ్మా?" అని అడిగాడు. నేనేనన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

ఎవరి జ్ఞాపకంగా పరిగెడుతున్నామో వీపు మీద రాయిస్తారట. దాని అసలు పేరు చెప్దామని నోరు తెరిచాను. రాలేదు. చిన్నప్పటి నుంచీ ఆ పేరుతో నేనెప్పుడు పిలిచాను గనక? "తాబేలు కోసం" అని రాయించాను.

తాబేలు పేరు మీద పరుగేమిటే అంటావు. అను. జన్మలో ఒక్కసారైనా టైముకి వచ్చిన మనిషా మీ చెల్లెలు? నేను మీ ఊళ్లో ఉన్నప్పుడు, సినిమాకి బయల్దేరావా అని ఫోన్ చేస్తే "వచ్చేశానే, సందు చివర ఉన్నా" అనేది. వెనకాల కుళాయి చప్పుడు వినబడుతూ ఉండేది. నువ్వు మేడ కింద నుంచి "అబద్ధం, ఇంకా తల కూడా దువ్వుకోలేదు!" అని అరిచేదానివి. ఆ అరుపూ నాకు ఫోన్‌లో వినబడేది. ఆట మొదలయ్యాక చీకట్లో నా కాళ్లు తొక్కుకుంటూ వచ్చి కూర్చుని, "ఎంతయింది?" అనేది.

అసలు ఎందుకు పేరిచ్చానో నాకే తెలియదక్కా. నాకేమీ అనిపించట్లేదు. అందరూ అయ్యో అంటారు, నేను అవునండీ అంటాను. మిషన్ మీద అద్దం అరగదీస్తాను, ఫ్రేములో కూర్చోబెడతాను, ఇంకోటి తీస్తాను. సాయంత్రమవుతుంది. కాళ్లు నొప్పెడితేనైనా ఏదన్నా తెలుస్తుందేమో చూద్దామని.

ఆ రోజు నువ్వు రావాలి. పరుగు ముగిసే గీత దగ్గర నిలబడితే చాలు.

సోడా

*

డ్రైవింగ్ స్కూలు కారు, చెట్టు నీడ
తర్వాతి స్టూడెంటు ఇంకా రాలేదు

ఒసే సోడాబుడ్డీ,

నువ్వా, పరుగా? స్కూల్లో పరిగెత్తమంటే కళ్లద్దాలు పడిపోతాయని మాస్టారికి చెప్పి గట్టు మీద కూర్చున్న మొహానివి. ఆ గట్టు మీద నీ పక్కన ఎవరు కూర్చున్నారో అది కూడా గుర్తుంది నాకు. ఆవిడకి కళ్లద్దాలు కూడా లేవు, ఊరికే కూర్చుంది.

ఇక్కడ అంతా మామూలే. పొద్దున్నే వస్తాను, పక్క సీట్లో కూర్చుంటాను. వాళ్ల కాలి కింద ఒక బ్రేకు, నా కాలి కింద ఒక బ్రేకు. మొన్న ఒక కొత్త పెళ్లికూతురు క్లచ్ అనుకుని ఆక్సిలేటర్ తొక్కింది. పాలబండి ఎదురుగా వస్తోంది. నేను బ్రేకు తొక్కాను. బండి ఆగింది. ఆ పిల్ల ఏడ్చింది, పాలవాడు తిట్టాడు. నాకు గుండె కూడా దడదడలాడలేదు. "పర్లేదమ్మా, మళ్లీ స్టార్ట్ చెయ్యి" అన్నాను. ఇదివరకైతే ఆ పిల్ల చెవులు చిల్లులు పడేలా అరిచేదాన్ని.

మీ బావ వండి పెడుతున్నాడు, తింటున్నాను. ఉప్పు సరిపోయిందా అంటాడు. ఏమో అంటాను. మేడమీద దాని గది తలుపు వేసే ఉంది. పొద్దున్నే మెట్ల దగ్గర నిలబడి "దిగవే, నాకు టైమవుతోంది" అని అరవడానికి నోరు తెరుస్తాను. తెరిచాక గుర్తొస్తుంది. మూసుకుని వెళ్లిపోతాను.

నేను రాలేను. స్టూడెంట్లున్నారు. గీత దగ్గర నిలబడటానికి ఎవరైతేనేం, మీ ఓనర్ని రమ్మను.

అన్నట్టు, ఆ గడ్డ సంగతి ముందు నీకే చెప్పింది కదా. అప్పుడు నొప్పిగా ఉందందా, లేదందా? ఊరికే అడుగుతున్నా.

అక్క

*

కళ్లద్దాల షాపు, వెనక గది
ఓనరు బయటికెళ్లాడు

అక్కా,

పొద్దున్నే పార్కు చుట్టూ పరిగెడుతున్నాను. పరిగెడుతున్నానని నేనంటున్నాను. నడకకొచ్చే ముసలాయనలు నన్ను దాటుకుని వెళ్తూ "గుడ్ మార్నింగ్ అమ్మా" అంటారు. మడమ మీద బొబ్బ లేచింది. బూటు విప్పి ఒకసారి నొక్కి చూశాను, నొప్పెట్టింది. ఇంకోసారి నొక్కాను. చాలా రోజుల తర్వాత ఒక నొప్పి ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించగలిగాను.

ఒక సంగతి చెప్తాను, విను. డబ్బా మీద కూడా "తాబేలు కోసం" అని రాసి అంటించాను. మొన్న బట్టతలాయన ఒకరు దగ్గరచూపు అద్దాలకి వచ్చారు. డబ్బా చూసి, చేతులు జోడించి, "చాలా మంచి పని చేస్తున్నారమ్మా. తాబేళ్లు అంతరించిపోతున్నాయి. గుడ్లు కూడా మిగలనివ్వట్లేదు జనం" అన్నారు. నేను "అవునండీ" అన్నాను. కాదండీ, అది మా స్నేహితురాలు, టైముకి రాదు కాబట్టి ఆ పేరు, అని చెప్పాలి కదా. అంత మాట్లాడే ఓపిక రాలేదు. ఆయన రెండు రోజుల తర్వాత ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చి డబ్బాలో వేయించారు. తాబేళ్ల మీద అరగంట చెప్పారు. ఇసకలో ఎలా పొదుగుతాయో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

నువ్వడిగినదానికి. నొప్పి లేదంది. నొప్పి లేదు కాబట్టే పట్టించుకోలేదంది. డాక్టర్ దగ్గరికి వెళ్లావా అని ఫోన్ చేసి అడిగితే "వెళ్తున్నానే బాబూ, సందు చివర ఉన్నా" అంది. ఎండాకాలం మొదట్లో ఆ మాట. వెళ్లింది వానలు పడ్డాక. ఇదంతా నీకు తెలిసిందే కదా, మళ్లీ ఎందుకడిగావు?

సోడా

*

డ్రైవింగ్ స్కూలు కారు
వాన, స్టూడెంట్లెవరూ రారు

సోడా,

నీ ఉత్తరం కార్లో చదివాను. గుడ్లు కూడా మిగలనివ్వట్లేదు అన్న దగ్గర నవ్వొచ్చింది. గట్టిగానే వచ్చింది. పక్కన స్టీరింగు పట్టుకున్న కుర్రాడు తననే అనుకుని బండి ఆపేశాడు. నిన్ను కాదు నాయనా, పోనీ అన్నాను. తర్వాత ఆ నవ్వు ఎటుపోయిందో పోయింది. ఆయన అన్నదాంట్లో తప్పేముందిలే అనిపించింది. మనకి ఒక్కటే ఉండేది, అంతరించిపోయింది.

మీ ఓనరు నిన్ను బాగానే చూస్తున్నాడా? బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కో. బొబ్బ గిల్లకు.

మీ బావకీ నాకూ చిన్న గొడవైంది. నేను బెల్టు పెట్టుకోకుండా కూర్చుంటున్నానని ఒక స్టూడెంటు తల్లి ఆయనకి చెప్పిందట. పెట్టుకోకపోవడమేంటి, పెట్టుకుంటున్నాను. కాకపోతే భుజం మీంచి కాకుండా చంక కింద నుంచి లాక్కుంటున్నాను. పక్కన ఒరుసుకుంటోంది. చెమటకాయలై ఉంటాయి, ఈ కారులో ఏసీ ఎప్పుడు పనిచేసింది గనక? ఆయన అదో పెద్ద నేరమైనట్టు మొహం పెట్టాడు. నేనూ ఒక మాట అన్నాను. ఇద్దరం తినకుండా పడుకున్నాం.

వాన తగ్గింది. ఉంటాను.

అక్క

*

ఇల్లు, వంటగది బల్ల

అక్కా,

నాకు చెమటకాయల కథ చెప్పకు.

నాకు డ్రైవింగ్ నేర్పిస్తానని ఒకసారి నీ కారెక్కించావు గుర్తుందా? తాళంచెవి ఇంకా నా చేతిలోనే ఉంది, బండి కదల్లేదు, నువ్వు అప్పటికే బెల్టు బిగించుకుని కూర్చున్నావు. వెనక సీట్లో తాబేలు "ఆగి ఉన్న బండిలో కూడానా?" అంటే "బండి ఆగి ఉంది, మీ ఫ్రెండ్ ఆగి లేదు" అన్నావు. అలాంటిదానివి ఇప్పుడు బెల్టు చంక కింద నుంచి లాక్కుంటున్నావు. మొన్నేమో మొదట్లో నొప్పి ఉందందా లేదందా అని అడిగావు, ఊరికే అన్నావు. నేను కళ్లద్దాల మనిషిని. రెండు అద్దాలూ పక్కపక్కన పెట్టి చూడటమే నా పని.

ఎక్కడుంది? ఎంతుంది? ఎప్పట్నుంచి? బావగారికి తెలుసా?

సోడా

*

ఇంట్లోంచి

సోడా,

నీ చూపు నీ షాపులో పెట్టుకో. ఊళ్లో వాళ్ల నంబర్లు చూసుకో, నా నంబరు చూడక్కర్లేదు.

ఉందనుకో. ఉంటే ఏం చెయ్యమంటావు? మళ్లీ ఆ మెట్లు ఎక్కమంటావా? ఆ లిఫ్టు పక్కన, ఆ నీలం కుర్చీల్లో కూర్చోమంటావా? అక్కడ పేర్లు పిలిచే నర్సు ఉంది చూడు, పొట్టిగా, ఎప్పుడూ పెన్ను చెవి మీద పెట్టుకుంటుంది. ఆవిడకి తాబేలు పోయిన సంగతి తెలియదు. ఆవిడ సెలవులో ఉండగా అయిపోయింది అంతా. నన్ను చూడగానే లేచొచ్చి "మీ చెల్లెలు ఎలా ఉన్నారండీ?" అంటుంది. ఏం చెప్పమంటావు? చెప్పు, ఆ మాటేదో నువ్వే రాసి పంపు.

ఇంక ఈ ఊసెత్తకు. పరిగెత్తుకో.

అక్క

*

కళ్లద్దాల షాపు

అక్కా,

తిట్టావు కాబట్టి ఉందని అర్థమైంది. లేకపోతే ఎగతాళి చేసేదానివి.

నర్సుకి నేను చెప్తాను. నువ్వు నా వెనక నిలబడు, గోడకేసి చూస్తూ ఉండు, నోరు తెరవక్కర్లేదు. మెట్లు నీతో నేనూ ఎక్కుతాను. ఇంతకంటే నాకు చేతనైంది లేదు.

ఏమీ అనిపించట్లేదని రాశాను కదా, ఇప్పుడది నిజం కాదు. నీ ఉత్తరం చదివాక భయం వేసింది. మిషన్ మీది అద్దం చేతిలోంచి జారి పగిలింది. ఓనరు వచ్చి ముక్కలు ఏరాడు, తిట్టలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నాకు భయంగా ఉందక్కా. అప్పుడు తాబేలుని నేను తిట్టలేదు, బతిమాలలేదు, నవ్వుతూ ఫోన్ పెట్టేశాను, నువ్వూ అంతే. ఈసారి నవ్వను.

వెళ్లు. నాకోసం కాకపోతే ఆ బండి కోసం వెళ్లు. వీధివీధికీ తిరిగే బండి కొనడానికి నేను మోకాళ్లు అరగదీసుకుంటుంటే, మా ఇంటి మనిషే పరీక్షకి పోకపోతే ఆ తాబేళ్లాయన మొహం ఎలా చూడను?

సోడా

*

మేడ మెట్ల మీద కూర్చుని

సోడా,

శనగగింజంత ఉంది. నొప్పి లేదు, బెల్టు తగిలితే తెలుస్తుంది, అంతే. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. మన తాబేలు పోయి నెల తిరిగిందో లేదో అప్పటికి. నాకు నవ్వొచ్చింది ముందు. ఇదేమన్నా ఇంట్లో వంతులవారీగా పంచుతున్నారా అనుకున్నాను.

మీ బావకి చెప్పలేదు. దాని మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కూర్చుని ఆయన నడుం పట్టేసింది. ఇప్పుడిప్పుడే నిటారుగా నిలబడుతున్నాడు. నిన్న పెరట్లో బట్టలారేస్తూ ఏదో కూనిరాగం తీశాడు. నేను కిటికీలోంచి విన్నాను. నన్ను చూసి సిగ్గుపడి ఆపేశాడు. ఆ మనిషికి నేను ఈ కబురెలా చెప్పను? నాకు జబ్బంటే అంత భయం లేదే. ఆయన మొహం చూడటమే భయం.

సరే, నీ మాట కాదననులే. ఆస్పత్రి నంబరు వెతికి పెట్టుకున్నాను. నీ పరుగయ్యాక ఏదో ఒక రోజు వెళ్లొస్తాను. నువ్వు బెంగపెట్టుకోకు, బాగా పరిగెత్తు, కళ్లద్దాలకి తాడు కట్టుకో. నేను వెళ్లిపోయాననే అనుకో. సందు చివర ఉన్నా.

అక్క

*

రైలు, కిటికీ పక్క సీటు

అక్కా,

ఇది పోస్టులో రాదు. చదువు, చెప్తాను.

ఇవాళ పొద్దున పరుగైంది. మైకులో ఒకాయన ఏదేదో చెప్తున్నాడు, అందరూ చప్పట్లు కొడుతున్నారు, నేనూ కొట్టాను. నా ముందు నిలబడ్డ అమ్మాయి వీపు మీద "అమ్మ కోసం" అని ఉంది. పక్కాయనకి "మా పెద్దోడి కోసం" అని ఉంది. ఆయన నా వీపు చదివి ఏదో అడగబోయి మానేశాడు. మన తాబేళ్లాయన కూడా వచ్చారు. నలుగురు స్నేహితులతో కలిసి రోడ్డు పక్కన నిలబడి, నేను వెళ్తుంటే "తాబేలు! తాబేలు!" అని అరిచారు. అది నిజంగా ఎవరో ఆయనకి చెప్పకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత అందరూ వెళ్లిపోయారు. రోడ్డంతా నాదే. వెనకాల ఒక వ్యాను వస్తోంది, ఇక పరిగెత్తలేమన్నవాళ్లని ఎక్కించుకునే బండి అది. నా వేగానికి తగ్గట్టు నడపలేక ఫస్టు గేరులో మూలుగుతూ వస్తోంది. నువ్వుంటే ఆ డ్రైవర్ని కిందికి దింపేదానివి.

అతను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కండమ్మా, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకా చాలా దూరం ఉంది" అన్నాడు.

నేను వెనక్కి కూడా తిరక్కుండా, "వచ్చేశానండీ, సందు చివర ఉన్నా" అన్నాను.

"ఏ సందండీ? ఇది మెయిన్ రోడ్డు" అన్నాడతను.

ఆగిపోయానక్కా. రోడ్డు మధ్యలో ఆగిపోయాను. నేను అంటున్నది అబద్ధమని నాకు తెలుసు, ఇంకా సగం కూడా కాలేదు. అడగడం మానేస్తారని అన్నాను. అది కూడా అందుకే అనేది. నీ ఉత్తరం చివర కూడా అదే మాట ఉంది. చదివి, హమ్మయ్య అనుకుని, మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఇన్నేళ్లు ఆ మాట విని కూడా, కాగితం మీద కనబడితే పోల్చుకోలేకపోయాను. నువ్వు నంబరు వెతికి పెట్టుకున్నావు, ఫోన్ చెయ్యలేదు. చెయ్యవు కూడా. నువ్వసలు ఫోన్ ముట్టుకోవు కదా.

ఏడ్చాననుకుంటావేమో. ఏడవలేదు. కాళ్లు మళ్లీ మొదలయ్యాయి, అంతే. నేను చేరేసరికి తోరణం విప్పి చుట్టేస్తున్నారు. ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చి మెడలో పతకం వేసింది. నేను గీత దాటి, పక్కకి జరిగి, వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎవరికోసమండీ అని ఆ అమ్మాయి అడిగాక తెలిసింది, అలవాటుగా దానికోసం ఆగానని.

అక్కణ్ణుంచి నేరుగా స్టేషన్‌కి వచ్చాను. స్నానం కూడా చెయ్యలేదు, పక్క సీటావిడ దూరం జరిగి కూర్చుంది.

తెల్లవారేసరికి మీ ఊళ్లో దిగుతాను. ఈ కాగితం మీ తలుపు కింద నుంచి లోపలికి తోస్తాను. బెల్లు కొట్టను. బెల్లు కొడితే బావగారు తలుపు తీస్తారు, నేను ఏదో ఒకటి చెప్పాల్సొస్తుంది. ఆయనకి నువ్వే చెప్పాలి. నేను వెళ్లి కరెంటు స్తంభం దగ్గర నిలబడతాను. నువ్వు ఎంతసేపటికి వచ్చినా సరే. మీ ఇంటి ఆడవాళ్ల కోసం ఎదురుచూడటం నాకు కొత్తేం కాదు.

అక్కా, నేను నిజంగానే సందు చివర ఉన్నా.

సోడా

*

మేడమీద గది

సోడా,

మీ బావ చేత ఈ చీటీ పంపుతున్నాను. ఆయనకి చెప్పాను. చెప్పడానికి మంచి మాటలేవో వెతుక్కుంటూ నిలబడ్డాను, చివరికి నీ కాగితం చేతిలో పెట్టి, "ఇది కూడా చదవండి, నాకూ గడ్డ ఉంది" అన్నాను. మొహం నేను భయపడ్డట్టే అయింది. చూశాను. చూడగలిగాను. తర్వాత ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు ఒకటికొకటి తప్పి పెట్టుకున్నాడు, నువ్వు నవ్వకు.

నువ్వున్నావో లేదో చూద్దామని పైకొచ్చాను. ఈ కిటికీలోంచే సందు చివర కనబడుతుంది మరి. దాని దువ్వెన అద్దం ముందే ఉంది, దాంట్లో వెంట్రుకలు కూడా అలాగే ఉన్నాయి. స్తంభానికి ఆనుకుని నువ్వు కనబడుతున్నావు. మెడలో ఆ పతకం తియ్యవే, పాలవాడు నిన్నే చూస్తున్నాడు.

ఆటో పిలిచి పెట్టు. నర్సుకి నువ్వు చెప్పక్కర్లేదులే, నేనే చెప్తాను. పక్కన ఉండు, చాలు.

నేనింకా తల కూడా దువ్వుకోలేదు. అయినా వస్తున్నా. కదలకు.

అక్క